బేస్ గిటారిస్టుకు స్టేజీ మీద యాంప్ కావాలా, వద్దా?

క్లుప్తంగా: ప్రేక్షకులకు బేస్ వినిపించడానికి ఇప్పుడు చాలా వేదికల్లో యాంప్, అంటే బేస్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, అక్కర్లేదు. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) నుంచి మిక్సర్‌కు వెళ్లే సిగ్నల్ చాలు. అయితే వాయించేవాళ్లకు, ముఖ్యంగా డ్రమ్మర్‌కు, బేస్ స్పష్టంగా వినబడాలి. ఆ పని చేసే మానిటర్, అంటే వాయించేవాళ్ల వైపు తిరిగిన స్పీకర్ లేదా చెవిలో ఇయర్‌ఫోన్, ఉంటే యాంప్ ఇంట్లో వదిలేయొచ్చు. లేకపోతే మోసుకెళ్లాల్సిందే. అడుగు స్వరాలు పలికే పెద్ద స్పీకర్లు, అంటే సబ్‌ఊఫర్లు, లేని చిన్న చోట్ల ప్రేక్షకుల కోసం కూడా యాంప్ కావాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి సంగీత్ జరుగుతోందనుకుందాం. కీబోర్డు, డ్రమ్స్, ఇద్దరు గాయకులు, ఒక బేస్ గిటార్. సౌండ్ చెక్ దగ్గర మైక్‌సెట్ అతను బేస్ గిటారిస్టుకు అరచేతిలో పట్టేంత ఇనుప పెట్టె ఒకటి ఇచ్చి, "ఇందులో పెట్టేయండి సార్, బాక్సుల్లో వస్తుంది" అంటాడు. నిజంగానే వస్తుంది. పాట మొదలయ్యాక చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా గుండెల్లో తగిలేంత బేస్. స్టేజీ మీద నిలబడ్డ మనిషికి మాత్రం తను ఏ ఫ్రెట్ మీద వేలు పెట్టాడో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియదు.

అదే గిటారిస్టు ఆదివారం చర్చిలో చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, యాంప్ అన్నదే లేకుండా హాయిగా వాయిస్తాడు. వారం మధ్యలో ఒక కెఫేలో వాయించాల్సి వస్తే అక్కడ ఉన్నవి పాటకు సరిపడే రెండు స్పీకర్లే కాబట్టి సొంత యాంప్ లేకుండా పని జరగదు. ఒకే మనిషి, ఒకే వాయిద్యం, మూడు చోట్ల మూడు సమాధానాలు. యాంప్ తప్పనిసరి అని కొందరు, దండగ అని కొందరు గట్టిగా వాదించుకోవడానికి కారణం ఇదే. ఎవరి వేదికను బట్టి వాళ్లు మాట్లాడుతున్నారు.

వినిపించని వాయిద్యంతో మొదలైన కథ

బేస్ యాంప్ పుట్టిందే ఒక కష్టాన్ని తీర్చడానికి. ఎలక్ట్రిక్ బేస్ రాకముందు బ్యాండ్లలో ఆ పని చేసింది డబుల్ బేస్. మనిషి ఎత్తు ఉండే ఆ చెక్క వాయిద్యం ట్రంపెట్లు, డ్రమ్స్ మధ్య సరిగా వినిపించేది కాదు. 1940ల చివర్లో అమెరికాలో ఎవరెట్ హల్ అనే బేసిస్టు డబుల్ బేస్ కింద నేలకు ఆనే కడ్డీలో పికప్ (కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పరికరం) అమర్చి, ఆ శబ్దాన్ని యాంప్‌తో పెంచాడు. ఆ కడ్డీనే ఇంగ్లిష్‌లో పెగ్ అంటారు. యాంప్లిఫైడ్ పెగ్ అన్న మాట నుంచే యాంపెగ్ కంపెనీ పేరు వచ్చింది.

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. దాని చెక్క గట్టిది, లోపల బోలు లేదు. యాంప్ లేకపోతే పక్క మనిషికి కూడా వినబడదు. అందుకే మరుసటి ఏడాదే బాస్‌మన్ అనే యాంప్ వచ్చింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో మైక్‌సెట్ అంటే గాయకుడి గొంతు కోసమే. వాయిద్యాల శబ్దం హాలు చివరిదాకా చేరాలంటే ఆ భారమంతా స్టేజీ మీది యాంప్‌లదే. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మంది ముందు బీటిల్స్ వాయించినప్పుడు వాళ్ల వెనక ఉన్నవి 100 వాట్ల వాక్స్ యాంప్‌లు. జనం కేకల్లో ఆ శబ్దం కొట్టుకుపోయింది. ఈరోజు ఒక మోస్తరు ఫంక్షన్ హాలు సౌండ్ సిస్టమే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పవర్‌తో నడుస్తుంది.

అక్కడి నుంచి యాంప్‌లు పెరుగుతూ పోయాయి. 1969లో యాంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్లతో వచ్చింది. దాని హెడ్, అంటే స్పీకర్లు లేని యాంప్ భాగం, ఒక్కటే సుమారు 39 కిలోలు. కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్ మరో ఇద్దరు మోయాల్సిన బరువు. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ ఇంకా ముందుకెళ్లి, వాల్ ఆఫ్ సౌండ్ పేరుతో ప్రతి వాయిద్యానికి విడివిడిగా స్పీకర్ల గోడ కట్టించింది. వాళ్ల వెనకున్న గోడే ప్రేక్షకులకు పీఏ (హాలంతటికీ వినిపించే సౌండ్ సిస్టమ్), అదే వాళ్లకు మానిటర్. ఆ బరువును ఊరూరా తిప్పలేక అదే ఏడాది దాన్ని ఆపేశారు. తర్వాత వచ్చిన పద్ధతిలో పీఏ సిస్టమ్ ప్రేక్షకుల పని తీసుకుంది, మానిటర్లు వాయించేవాళ్ల పని తీసుకున్నాయి. యాంప్ మాత్రం స్టేజీ మీద అలాగే ఉండిపోయింది.

రికార్డింగ్ స్టూడియోల్లో ఈ మార్పు ముందే జరిగింది. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ బేస్‌ను యాంప్ ముందు మైకు పెట్టకుండా నేరుగా కన్సోల్‌కు, అంటే స్టూడియో మిక్సర్‌కు, కలిపి రికార్డు చేసేవారు. బేస్ గిటార్ గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ముందు తలచుకునే శబ్దం అది. క్లబ్బుల్లో వాయించేటప్పుడు మాత్రం ఆయన వెనక యాంప్ ఉండేది. తెలుగు శ్రోతలు ఇళయరాజా పాటల్లో పల్లవి కింద విడిగా ఇంకో పాటలా నడిచే బేస్‌ను గుర్తుపట్టి మరీ వింటారు. ఏ. ఆర్. రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ గురించి చెప్పుకుంటారు. అలాంటి పాటను స్టేజీ మీద వాయించాలంటే ప్రతి స్వరం విడిగా వినబడాలి. గుబగుబమంటే చాలదు.

ఒక పెట్టె, మూడు పనులు

పాత యాంప్ ఒకేసారి మూడు పనులు చేసేది. బేస్‌ను ప్రేక్షకులకు చేర్చడం ఒకటి. వాయించే మనిషికి, తోటి వాద్యకారులకు వినిపించడం రెండోది. తీగ శబ్దానికి ఒక రంగు, ఒక నిండుదనం ఇవ్వడం మూడోది, అంటే టోన్.

మొదటి పని పీఏకు వెళ్లింది. మూడోది చాలామటుకు కాలి దగ్గర పెట్టుకునే పెడల్స్‌కు వెళ్లింది. రెండోది మాత్రం ఏ వేదికలో ఎవరి చేతిలో ఉంటుందో ముందే చెప్పలేం. యాంప్ కావాలా అన్న ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. స్టేజీ మీద బేస్‌ను వినిపించే పూచీ ఎవరిది? దీనికి జవాబు తెలిస్తే యాంప్ సంగతి తేలిపోతుంది.

ఆర్కెస్ట్రాల్లో చాలాసార్లు బేస్‌ను కీబోర్డు ప్లేయర్ ఎడమ చేత్తో వాయించేస్తాడు. ఆ బేస్‌కు స్టేజీ మీద యాంప్ ఏదీ అని ఎవరూ అడగలేదు. అది మొదటి నుంచీ మిక్సర్‌కే వెళ్తోంది. బేస్ గిటార్‌కు మాత్రం ఒక అదనపు చిక్కుంది, అది ఎలక్ట్రికల్ చిక్కు.

డీఐ బాక్స్ చేసే పని

బేస్ గిటార్‌ను మామూలు కేబుల్‌తో నేరుగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు కలిపితే శబ్దం వస్తుంది కానీ పలచగా, మొద్దుగా వస్తుంది. కారణం ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు సర్క్యూట్ చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. దాని నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువ. సన్నటి పైపుతో నీళ్లు వచ్చే ఇంట్లో కింద పెద్ద కుళాయి తిప్పేస్తే పై అంతస్తుకు ప్రెషర్ రాదు కదా, ఇదీ అంతే. మిక్సర్ మైక్ ఇన్‌పుట్ సుమారు 2 వేల ఓమ్‌లు. పికప్ దృష్టిలో అది పూర్తిగా తిప్పేసిన కుళాయి. యాంప్ ఇన్‌పుట్ మామూలుగా 10 లక్షల ఓమ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి పికప్ మీద భారం పడదు.

డీఐ బాక్స్ ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో చేసిన పాసివ్ డీఐలో చుట్ల నిష్పత్తి మామూలుగా 12కు 1. ఇంపీడెన్స్ దాని వర్గం లెక్కన, అంటే 144 రెట్లు పెరిగి కనిపిస్తుంది. మిక్సర్ వైపు 1,500 ఓమ్‌లు ఉంటే గిటార్ వైపు సుమారు 2 లక్షల 16 వేల ఓమ్‌లు. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌కు ఇది చాలు. బ్యాటరీ లేని పాత రకం బేస్‌కు కాస్త మెరుపు, అంటే పై ఫ్రీక్వెన్సీల స్పష్టత, తగ్గవచ్చు. అలాంటి వాటికి యాక్టివ్ డీఐ మేలు. అది మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద నడుస్తుంది, ఇన్‌పుట్ 10 లక్షల ఓమ్‌ల దాకా ఉంటుంది.

డీఐ చేసే రెండో పని సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్ చేయడం. గిటార్ కేబుల్ ఆరు మీటర్లు దాటితే పైనున్న మెరుపు తగ్గడం, గరగర పెరగడం మొదలవుతాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగల్లో తలకిందులుగా వెళ్తుంది. దారిలో కలిసిన గోల రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అవతలి చివర ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసినప్పుడు గోల రద్దయి సిగ్నల్ మిగులుతుంది. హాలు వెనకున్న మిక్సర్‌కు 50 మీటర్లు వెళ్లినా ఇబ్బంది ఉండదు.

బేస్‌కు ఇది మరీ ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని హమ్, అంటే కరెంటు నుంచి కలిసే సన్నటి మోత, 50 దగ్గర, దానికి రెట్టింపైన 100 దగ్గర వినిపిస్తుంది. బేస్ గిటార్ నాలుగో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 49 హెర్ట్జ్. ఖాళీగా మీటిన మొదటి తీగ 98 హెర్ట్జ్. అంటే హమ్ వచ్చి సరిగ్గా బేస్ స్వరాల మీదే కూర్చుంటుంది. దాన్ని ఈక్వలైజర్‌తో కోయాలని చూస్తే స్వరం కూడా తెగుతుంది. అందుకే హమ్‌ను పుట్టిన చోటే ఆపాలి.

టోన్ సంగతి

నేరుగా డీఐ నుంచి వచ్చే శబ్దం కొందరికి నచ్చదు. వేలు జారిన చప్పుడు, తీగ ఫ్రెట్‌కు తగిలిన టకటక, అన్నీ బయటపడతాయి. ట్వీటర్ (పై ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న స్పీకర్) లేని బేస్ క్యాబినెట్ 4, 5 వేల హెర్ట్జ్ పైన పెద్దగా పలకదు. ఆ చప్పుళ్లను అదే మింగేస్తుంది. చాలామంది యాంప్ టోన్ అని ఇష్టపడేదాంట్లో సగం స్పీకర్ చేసే ఈ వడపోతే.

ఆ వడపోతను అనుకరించే పెడల్స్ 1990ల నుంచి దొరుకుతున్నాయి. టెక్ 21 కంపెనీ శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ ఎన్నో స్టేజీల మీద కనిపిస్తుంది. శాన్స్ అంటే ఫ్రెంచ్‌లో లేకుండా అని, పేరులోనే యాంప్ లేదు అని ఉంది. ఇప్పటి డిజిటల్ ప్రాసెసర్లు ఒక్కో క్యాబినెట్ గుణాన్ని కొలిచి దాచుకున్న ఫైళ్లతో పని చేస్తాయి. కళ్లు మూసుకుని వింటే, అదీ మిగతా బ్యాండ్‌తో కలిపి పీఏలో వింటే, తేడా పట్టుకోవడం కష్టం.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ కెనడా బ్యాండ్ రష్. దాని బేసిస్టు గెడ్డీ లీ స్టేజీ మీద యాంప్‌లు మానేసి సిగ్నల్‌ను నేరుగా పీఏకు పంపడం మొదలుపెట్టాక, గిటారిస్టు వైపు యాంప్‌ల వరుస, తన వైపు ఖాళీ మిగిలాయి. ఆ ఖాళీలో ఆయన బట్టలు ఆరబెట్టే మెషీన్లు, తర్వాత ఒక టూర్‌లో కోళ్లు కాల్చే ఓవెన్లు పెట్టించాడు. అవి వేలాది మంది ముందు తిరుగుతుంటే బేస్ శబ్దానికి ఏ లోటూ రాలేదు.

అసలు చిక్కు: వాయించే చెవికి చేరడం

పీఏలో అంత బేస్ వస్తున్నప్పుడు స్టేజీ మీద ఎందుకు వినబడదు? తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం అన్ని వైపులా వ్యాపిస్తుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ స్పీకర్ చూసిన వైపే వెళ్తుంది. పీఏ స్పీకర్లు, సబ్‌ఊఫర్లు స్టేజీ ముందు ఉండి జనం వైపు చూస్తాయి. కాబట్టి స్టేజీ మీదికి వెనక్కి వచ్చేది అడుగు గుబగుబ ఒక్కటే. వేలు తీగను లాగిన క్షణాన్ని, స్వరం శ్రుతిలో ఉందో లేదో చెప్పే పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు ఫ్రీక్వెన్సీలో దాంతోపాటే మోగే శబ్దాలు) అన్నీ ముందుకు వెళ్లిపోయాయి. పైగా ఆ గుబగుబ హాలు గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. దాన్ని వింటూ తాళం పట్టుకుంటే బేసిస్టు కొద్దికొద్దిగా వెనకబడతాడు. డ్రమ్మర్‌కు టెన్షన్ మొదలవుతుంది.

చెవి కూడా సాయం చేయదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు మనిషి చెవి అన్ని ఫ్రీక్వెన్సీలను ఒకేలా వినదని కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెల్స్‌లో వినిపించినంత గట్టిగా 40 హెర్ట్జ్ శబ్దం వినిపించాలంటే 80 డెసిబెల్స్ దాటాలి. నాలుగు తీగల బేస్‌లో అడుగు స్వరం 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో 31. స్పీకర్ కోన్‌కు కూడా ఇది కష్టమే. ఒక ఆక్టేవ్, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, కిందికి దిగి అంతే శబ్దం ఇవ్వాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. గిటార్‌కు 50 వాట్లు చాలే చోట బేస్‌కు 200, 300 వాట్లు అడగడం వెనక ఉన్న కారణం ఇదే.

మరి స్టేజీ మీద నేల మీద పెట్టే మానిటర్లు 60 హెర్ట్జ్ కింద సరిగా పలకవు కదా, వాటితో ఎలా? ఇక్కడ చెవి ఒక మేలు చేస్తుంది. 82, 123, 164 హెర్ట్జ్ హార్మోనిక్స్ వినిపిస్తే, వాటికి మూలమైన 41ని మెదడే పూరిస్తుంది. సెల్‌ఫోన్ స్పీకర్లో పాట వింటూ కూడా బేస్ నడకను పట్టుకోగలగడం దీనివల్లే. కాబట్టి మానిటర్ నుంచి భూమి అదిరే శబ్దం అక్కర్లేదు, స్పష్టమైన మధ్యస్థాయి శబ్దం చాలు. ఈ సంగతి తెలియక మానిటర్లో అడుగు స్వరాలు పెంచమని అడిగే బేసిస్టులు ఉన్నారు. 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచమంటే ఎక్కువ ఉపయోగం.

యాంప్ తెచ్చే ఇబ్బందులు

యాంప్ ఉంటే అన్నీ తీరిపోతాయనుకుంటే అదీ కాదు. యాంప్‌కు అడుగు దూరంలో నిలబడితే స్పీకర్ మోకాళ్ల వైపు చూస్తుంది. మెరుపు మోకాళ్ల పక్క నుంచి ముందు వరుసకు వెళ్తుంది, వాయించే మనిషికి అడుగు భాగమే చేరుతుంది. వినబడట్లేదని ఆయన వాల్యూమ్ పెంచుతాడు. ముందు వరుసవాళ్లు చెవులు మూసుకుంటారు. క్యాబినెట్‌ను వెనక్కి వాల్చి చెవి వైపు తిప్పడం, లేదా కుర్చీ ఎత్తులో పెట్టడం, పైసా ఖర్చు లేని మందు.

బేస్ అల 8 మీటర్లు ప్రయాణిస్తేనే తయారవుతుంది, అందుకే దగ్గర్లో వినబడదు అని ఒక నమ్మకం ఉంది. 41 హెర్ట్జ్ అల పొడవు 8.3 మీటర్లు అన్నది నిజం. అది అంత దూరం వెళ్తే గానీ వినబడదన్నది మాత్రం తప్పు. చెవికి అంగుళం దూరంలో ఉన్న హెడ్‌ఫోన్లో అదే స్వరం చక్కగా వినిపిస్తుంది. గదిలో ఒక చోట బేస్ మోగిపోయి ఇంకో చోట మాయమవడానికి కారణం గోడల నుంచి తిరిగొచ్చే అలలు అసలు అలతో కలవడం, కొట్టేసుకోవడం. వెనక గోడకు సరిగ్గా ఒక మీటరు దూరంలో స్పీకర్ ఉంటే, గోడకు తగిలి వచ్చిన శబ్దం రెండు మీటర్లు ఆలస్యమై 86 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలను తగ్గించేస్తుంది. రెండో ఆక్టేవ్‌లోని E స్వరం, 82 హెర్ట్జ్, ఆ పరిధిలోనే ఉంది. యాంప్‌ను గోడకు దగ్గరగా జరిపితే ఆ గొయ్యి పైకి, బేస్ పరిధి దాటి వెళ్లిపోతుంది, అడుగు కూడా బలపడుతుంది.

స్టేజీ యాంప్, ముందున్న సబ్‌ఊఫర్లు రెండూ గట్టిగా మోగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. రెండింటి మధ్య నాలుగు మీటర్లుంటే ప్రేక్షకుల దగ్గర 43 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకదాన్ని ఒకటి తగ్గించుకుంటాయి. సౌండ్ ఇంజనీర్ పీఏను సుమారు 12 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే సరిపోతుంది, డిజిటల్ మిక్సర్‌తో అది నిమిషం పని. కానీ యాంప్ శబ్దం అతని చేతిలో లేదు. పెళ్లి పందిరిలో గాయని గొంతు కంటే యాంప్ ఎక్కువైతే మిక్సర్ మీది వాల్యూమ్ మీటను, అంటే ఫేడర్‌ను, కిందికి లాగినా తగ్గదు. సౌండ్ ఇంజనీర్లు యాంప్ అంటే మొహం ముడుచుకోవడానికి ఇదే అసలు కారణం. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

చెవిలో మానిటర్

1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీర్ వాన్ హేలెన్ బ్యాండ్ డ్రమ్మర్ కోసం చెవికి సరిగ్గా అతికే మానిటర్లు తయారు చేసి అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ పెట్టాడు. ఇప్పుడు చిన్న చర్చిల్లో కూడా ఈ చెవి మానిటర్లు, అంటే ఇన్ ఇయర్లు, కనిపిస్తున్నాయి. వీటితో బేసిస్టుకు పెద్ద లాభం: గది గోడలతో సంబంధం లేదు, ప్రతి స్వరం ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. బయటి గోల తగ్గుతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్‌తో వినొచ్చు. డ్రమ్స్ పక్కన రెండు గంటలు నిలబడే వాళ్లకు ఇది చెవులను కాపాడే విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు పెట్టిన పరిమితి 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. డ్రమ్స్ పక్కన ఆ గీత దాటడం మామూలే.

నష్టాలూ ఉన్నాయి. ఒంటికి తగిలే అదురు పోతుంది. కొందరు దీనికోసం నిలబడే చిన్న పలక కింద అదిరే పరికరం అమర్చుకుంటారు. ఇన్ ఇయర్ చెవికి సరిగా అతకకపోతే ముందు పోయేది బేసే. అన్నిటికన్నా ముఖ్యం, వినబడేది పూర్తిగా ఇంకొకరి మిక్స్ మీద ఆధారపడుతుంది. మిక్స్ చేసే మనిషికి బేస్ అవసరం తెలియకపోతే ఎంత ఖరీదైన ఇన్ ఇయర్ అయినా వృథా.

వేదికను బట్టి

కెఫే, చిన్న పబ్, ఇంటి డాబా మీద కచేరీ లాంటి చోట్ల 12 అంగుళాల స్పీకర్లు రెండు, సబ్ లేదు. వాటిలో బేస్ కూడా వేస్తే ఒకే కోన్ అడుగు స్వరానికి ఊగుతూనే గాయకుడి గొంతును పలకాలి. గొంతు వణికినట్టు, మసకబారినట్టు వినిపిస్తుంది. ఇక్కడ యాంప్ కావాలి. డ్రమ్స్ ఉంటే 200 వాట్ల పైన ఉన్నది మేలు. జాజ్ బృందంలో డబుల్ బేస్‌కూ ఇదే మాట, పైగా దాని పీజో పికప్‌కు (అయస్కాంతం బదులు ఒత్తిడితో పని చేసేది) ఇంకా ఎక్కువ ఇంపీడెన్స్ ఉన్న ప్రీయాంప్ (యాంప్‌కు ముందు సిగ్నల్‌ను సరిచేసే పరికరం) కావాలి.

ఫంక్షన్ హాళ్లు, కాలేజీ ఫెస్టులు, ఊరి జాతరల ఆర్కెస్ట్రాలు మధ్యలో పడతాయి. సబ్‌లు ఉంటాయి, మానిటర్లు మాత్రం గాయకుల ముందే పెడతారు. ఇక్కడ సరిపడేది చిన్న యాంప్. ఇది ప్రేక్షకుల కోసం కాదు, బేసిస్టుకూ డ్రమ్మర్‌కూ మాత్రమే. దాని వెనకున్న డీఐ అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌కు సిగ్నల్ ఇవ్వొచ్చు. ఆ అవుట్‌పుట్ పక్కన ప్రీ, పోస్ట్ (యాంప్ ఈక్వలైజర్‌కు ముందు, తర్వాత) అని మీట ఉంటే ప్రీ మీద పెట్టడం మంచిది. పోస్ట్‌లో ఉంటే స్టేజీ మీద ఈక్వలైజర్ తిప్పిన ప్రతిసారీ హాల్లో శబ్దం మారిపోతుంది. ఒక హెచ్చరిక కూడా అవసరం: యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ను ఎప్పుడూ మిక్సర్‌కు కలపకూడదు. మిక్సర్ ఇన్‌పుట్ కాలిపోతుంది.

పెద్ద మైదానాలు, ఇండోర్ స్టేడియాల్లో వేరే మానిటర్ ఇంజనీరే ఉంటాడు. అక్కడ యాంప్ ఇష్టాన్ని బట్టే. అమెరికాలో తానా, ఆటా వంటి సంఘాల సభల్లో వాయించడానికి విమానంలో వెళ్లే బృందాలు యాంప్ మోసుకెళ్లే ప్రశ్నే రాదు. కావాల్సింది ముందే రాసి పంపితే నిర్వాహకులు అక్కడే అద్దెకు తెస్తారు. చేత్తో తీసుకెళ్లేది గిటార్, పెడల్, ఇన్ ఇయర్లు.

కరెంటు విషయంలో రాజీ వద్దు

గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మైకు లోహపు జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. యాంప్ ఒక ప్లగ్గు నుంచి, మిక్సర్ జనరేటర్ నుంచి నడుస్తూ, ఎక్కడో ఒక చోట ఎర్తింగ్ సరిగా లేకపోతే, చేయి తీగల మీద ఉండి పెదవి మైకుకు తగిలిన క్షణాన షాక్ కొడుతుంది. 230 వోల్టుల దగ్గర అది ప్రాణాలు తీసే షాక్ కావచ్చు. హమ్ వస్తోందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరిచేయడం మన దగ్గర తరచూ కనిపించే అలవాటు. అది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. డీఐ బాక్స్ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్నదే ఇందుకు. అది సిగ్నల్ కేబుల్ దారిలోని ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు రక్షణ అలాగే ఉంటుంది. మిక్సర్, యాంప్, పెడల్స్ అన్నిటికీ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకుంటే హమ్ కూడా చాలావరకు పుట్టదు.

ఎటు వెళ్తోంది

బరువు తగ్గడం యాంప్‌కు మళ్లీ ఊపిరి పోసింది. తక్కువ వేడితో నడిచే క్లాస్ డీ సర్క్యూట్లతో 2, 3 కిలోల హెడ్ ఇప్పుడు 500 వాట్లు ఇస్తోంది. నియోడిమియం అయస్కాంతాలతో క్యాబినెట్ ఒక చేత్తో ఎత్తే బరువుకు వచ్చింది. బండి మీద వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టుకుని వెళ్లగలిగే యాంప్ ఉన్నప్పుడు ఇంట్లో వదిలేయాలన్న ఒత్తిడి తగ్గుతుంది. ఇంకోవైపు డిజిటల్ మిక్సర్లు చవకై, వాయించేవాళ్లు తమ మానిటర్ మిక్స్‌ను సెల్‌ఫోన్‌లోనే సరిచేసుకునే రోజులు వచ్చాయి. చర్చిల్లో ఇది బాగా పాకింది. ఫంక్షన్ హాళ్లలో ఇంకా అంతగా రాలేదు.

శబ్ద నియమాలు కూడా స్టేజీ శబ్దాన్ని తగ్గించే వైపే నెడుతున్నాయి. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఈ కొలత A-వెయిటింగ్ అనే పద్ధతిలో, అంటే చెవికి వినిపించే తీరును బట్టి, ఉంటుంది. అది 40 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అందుకే మీటరు సరిగానే ఉందని చెప్పినా పక్కింటి కిటికీ అద్దాలు అదురుతుంటాయి, ఫిర్యాదులు ఎక్కువగా బేస్ మీదే వస్తుంటాయి. వాల్యూమ్ అంతా ఒక్క ఫేడర్ చేతిలో ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకు తగ్గించడం తేలిక.

సొంత యాంప్ కొనాలా, డీఐ కొనాలా అని ఆలోచించే కొత్త బేసిస్టుకు డీఐ లేదా డీఐ ఉన్న ప్రీయాంప్ పెడల్ ముందు కొనుక్కోవడం మేలు. కొన్ని వేల రూపాయల్లో వస్తుంది, ప్రతి వేదికలోనూ పనికొస్తుంది, మైక్‌సెట్ వాళ్లిచ్చే డీఐ పెట్టె పాడైన రోజున ఆదుకుంటుంది. యాంప్ తీసుకెళ్లాలా అన్నది ప్రోగ్రామ్ ముందురోజు మైక్‌సెట్ వాళ్లకు ఒక ఫోన్ చేస్తే తేలుతుంది. సబ్‌లు ఉన్నాయా, బేస్‌కు విడిగా మానిటర్ ఇస్తారా, డ్రమ్మర్‌కు బేస్ ఎక్కడి నుంచి వినిపిస్తుంది అని మూడు ప్రశ్నలు అడగాలి. మూడో ప్రశ్నకు అవతలి మనిషి ఆలోచనలో పడితే, యాంప్‌ను బండెక్కించాలి.